రిజిస్టర్ స్టాఫ్ రూమ్‌లో ఉండాలి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

కార్యవర్గం వాళ్లు నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. "నువ్వు చేసే పని ఏందో మాకు అర్థమయ్యేటట్టు చెప్పు. ఊరికే సాఫ్ట్‌వేర్ అంటే కుదరదు" అని షరతు కూడా పెట్టారు. పెద్ద పెద్ద ఆఫీసుల పాత ఈమెయిళ్లను దాచి ఉంచే సర్వర్లు ఉంటాయి. వాటిని ఆర్కైవింగ్ సర్వర్లు అంటారు. అవి ఆగిపోకుండా చూడటం నా పని. ఇందులో మన సంఘానికి పనికొచ్చే మాట ఒకటి ఉంది. దాన్ని చెప్పడానికే ఈ అవకాశం వాడుకుంటున్నాను.

ఆఫీసులో ఒక ఉద్యోగికి రోజూ మెయిళ్లు వస్తాయి. కొన్ని నెలలు గడిచాక పాతవి అతని మెయిల్ పెట్టెలోంచి ఆర్కైవింగ్ సర్వర్‌కు వెళ్లిపోతాయి. పెట్టెలో వాటి బదులు ఒక చిన్న చీటీ మిగులుతుంది. దాన్ని నొక్కితే అసలు ఉత్తరం ఆర్కైవ్ నుంచి వచ్చి తెరుచుకుంటుంది. ఉత్తరం తన దగ్గరే ఉందని ఉద్యోగి అనుకుంటాడు. నిజానికి అతని దగ్గర ఉన్నది చీటీ మాత్రమే.

చాలామంది ఆర్కైవ్‌ను, బ్యాకప్‌ను ఒకటే అనుకుంటారు. బ్యాకప్ అంటే రెండో ప్రతి. ఆర్కైవ్ అంటే అసలు ప్రతి మకాం మార్చిన చోటు. మన బడి అడ్మిషన్ రిజిస్టర్లు ఉన్న బీరువా లాంటిదన్నమాట. రిటైరయ్యే ముందు పుట్టిన తేదీ రుజువు కోసం ఎవరైనా వస్తే ఆ బీరువాయే తెరవాలి. ఇంకెక్కడా దొరకదు. అందుకే ఆర్కైవింగ్ సర్వర్ చెడిపోతే, దాని వెనక మంచి బ్యాకప్ లేకపోతే, పాత ఉత్తరాలన్నీ పోయినట్టే.

సర్వర్ కూడా యంత్రమే కదా. ఏదో ఒక రోజు ఆగుతుంది. దానికి విరుగుడుగా పక్కనే రెండో సర్వర్‌ను పెడతారు. మొదటిది పడిపోతే రెండోది పని అందుకుంటుంది. దీన్నే ఫెయిలోవర్ క్లస్టరింగ్ అంటారు. మైక్రోసాఫ్ట్ ఈ సౌకర్యాన్ని 1997లో విండోస్ ఎన్‌టీ 4.0 ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌తో తెచ్చింది. 2008 నుంచి దానికి ఈ పేరు స్థిరపడింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అది మన సార్లకే బాగా తెలుసు. తెలుగు సారు సెలవు పెట్టారనుకుందాం. ఆయన బదులు ఇంకో సారు క్లాసుకు వచ్చారు. హాజరు వేద్దామంటే రిజిస్టర్ లేదు. అది తెలుగు సారు సొంత బీరువాలో ఉంది, తాళంచెవి ఆయనతోపాటే ఇంటికి వెళ్లింది. వచ్చిన సారు ఎంత సమర్థుడైనా ఏం చేయగలడు? రిజిస్టర్ స్టాఫ్ రూమ్‌లో ఉంటేనే ఎవరు వచ్చినా పని నడుస్తుంది.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో సరిగ్గా ఇదే జరిగింది. ఖరీదైన రెండో సర్వర్ కొన్నారు. ఒక రాత్రి మొదటిది ఆగింది. రెండోది చక్కగా లేచి నిలబడింది. తెరమీద అన్నీ పచ్చ గుర్తులే. పొద్దున ఒకాయన పాత ఉత్తరం కోసం వెతికితే ఒక్కటీ దొరకలేదు. ఉత్తరాలు ఉమ్మడి డిస్కుల మీద ఉన్నా, వెతకడానికి కావాల్సిన ఇండెక్స్ మొదటి సర్వర్ సొంత డిస్కులోనే ఉండిపోయింది. పుస్తకాలన్నీ ఉన్నా కేటలాగ్ పోయిన లైబ్రరీలా అయింది.

అందుకని క్లస్టర్ కట్టే ముందు డేటాను సర్వర్ సొంత డిస్కుల్లోంచి, రెండు సర్వర్లకూ అందే ఉమ్మడి స్టోరేజ్‌లోకి మార్చాలి. మొదట ఏది ఎక్కడుందో పట్టిక రాయాలి. ఉత్తరాలు, ఇండెక్స్, దారిలో ఉన్న పనుల వరుస, సెట్టింగుల డేటాబేస్, ఇవన్నీ వేర్వేరు చోట్ల ఉంటాయి. తర్వాత బ్యాకప్ తీసి, అది తిరిగి తెరుచుకుంటుందో లేదో చూడాలి. సర్వీసులు ఆపి, ఎవరూ కొత్తగా ఏమీ రాయకుండా చూసుకుని కాపీ చేయాలి. ఫైళ్లతోపాటు వాటిని ఎవరు తెరవొచ్చన్న అనుమతులూ వెళ్లాలి. డేటాబేస్‌లో పాత చిరునామా తీసి కొత్తది రాయాలి. అందరూ సర్వర్‌ను దాని సొంత పేరుతో కాకుండా ఉమ్మడి పేరుతో పిలిచేలా మార్చాలి. లేకపోతే రెండోది లేచినా అందరూ పడిపోయినదాని తలుపే కొడుతుంటారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది పరీక్ష. మొదటి సర్వర్‌ను కావాలనే ఆపాలి. పదేళ్ల నాటి ఒక ఉత్తరం వెతికి, తెరిచి, చదవాలి. అది అయ్యేదాకా పాత డిస్కు మీద చెయ్యి వేయకూడదు. పచ్చ గుర్తు చూసి పాత ప్రతిని చెరిపేసేవాళ్లకు మా వృత్తిలో ఎక్కువ రోజులు నిద్ర పట్టదు.

ఇంకో ప్రమాదం కూడా చెప్పాలి. రెండు సర్వర్లూ బాగానే ఉండి, వాటి మధ్య తీగ తెగిందనుకోండి. అవతలిది పోయిందని ప్రతిదీ అనుకుంటుంది. రెండూ ఒకేసారి రాయడం మొదలుపెడితే డేటా పాడైపోతుంది. ఒకే రిజిస్టర్‌లో ఇద్దరు సార్లు ఒకేసారి హాజరు వేసినట్టు. అందుకని మూడో ఓటు ఒకటి ఉంచుతారు. హెడ్‌మాస్టర్ గారి మాట లాంటిది. ఆ ఓటు ఎటు పడితే ఆ సర్వర్‌దే అధికారం, రెండోది చేతులు కట్టుకోవాలి.

ఇంత చేసినా ఇంకొక ప్రశ్న మిగులుతుంది. రెండు సర్వర్లూ, ఉమ్మడి స్టోరేజ్ కూడా ఒకే గదిలో ఉంటే? ఆ గదిలోకే నీళ్లు వస్తే?

అశోక్‌నగర్ వాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. 2000 ఆగస్టు 23, 24 తేదీల్లో హైదరాబాద్‌లో 24 గంటల్లో 24 సెంటీమీటర్ల దాకా వాన పడింది. హుస్సేన్ సాగర్ మిగులు నీళ్ల నాలా పొంగి దోమలగూడ, అశోక్‌నగర్, నల్లకుంట ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. మనకు కూతవేటు దూరంలో, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలోకి కూడా వరద వచ్చింది. అబ్దుస్ సమద్ ఖాన్ గారు ఎన్నో ఏళ్లపాటు ఒక్కటొక్కటిగా సేకరించిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు అక్కడ ఉండేవి. షికాగో విశ్వవిద్యాలయం ముందుండి కొన్ని అమెరికా విశ్వవిద్యాలయాలు కలిసి ఆ సేకరణను కొని, హైదరాబాద్‌లోనే ఉంచాయి. అదంతా నీళ్ల పాలైంది. తడిసిన పుస్తకాలను ఆరబెట్టి, బాగుచేయడానికి పెద్ద ప్రయత్నమే జరిగింది. అయినా ఒక వ్యక్తి జీవితకాలం కష్టపడి కూడబెట్టింది ఒక్క రాత్రి వానకు చిక్కింది కదా.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన ఊళ్లోనే ఉంది. చిత్తూరు జిల్లాలో పుట్టి, కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డును 1994లో అందుకున్న రాజ్ రెడ్డి గారి చొరవతో పది లక్షల పుస్తకాల పథకం మొదలైంది. మన దేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా నడిచింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అందులో ముఖ్య భాగస్వాములు. వేలాది పాత తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. 2017 ప్రాంతంలో ఆ వెబ్‌సైట్ పాఠకులకు అందకుండా పోయింది. అయితే అప్పటికే చాలా పుస్తకాల ప్రతులు అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి. ఈరోజు మనం పాత తెలుగు పుస్తకం ఇంట్లో కూర్చుని చదవగలుగుతున్నామంటే, ఎవరో ముందుచూపుతో ఇంకోచోట ఇంకో ప్రతి పెట్టబట్టే.

ఇప్పుడు మన సంగతికొస్తాను. మన సంఘానికి యాభై ఏళ్లు. సభ్యుల జాబితా, మినిట్స్ పుస్తకాలు, స్కాలర్‌షిప్పుల లెక్కలు, గ్రూప్ ఫొటోలు ఎక్కడున్నాయి? కొన్ని ఒకరింట్లో అటక మీద, కొన్ని ఒకరి ల్యాప్‌టాప్‌లో, మిగతావి వాట్సాప్‌లో ఉన్నాయి. ఇన్నేళ్లు వాటిని కాపాడిన వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. వాళ్ల మీద ప్రేమ ఉన్నప్పుడే ఈ మాట అడగాలి. వాళ్లకు ఒంట్లో బాగాలేని రోజున మనం ఏ తలుపు తడతాం?

అందుకని మూడు విన్నపాలు. మొదటిది, సంఘం కాగితాలు, ఫొటోలు అన్నీ స్కాన్ చేసి, ఏ ఒక్కరి సొంత ఖాతాలోనో కాకుండా సంఘం పేరు మీద ఉన్న ఖాతాలో పెడదాం. బాధ్యత ఇద్దరికి ఇద్దాం. వాళ్లు వేర్వేరు బ్యాచ్‌ల వాళ్లయితే ఇంకా మంచిది. సభ్యుల ఫోన్ నంబర్లు, చిరునామాలు మాత్రం ఆ ఇద్దరు దాటి వెళ్లకూడదు. అడ్మిషన్ రిజిస్టర్లు బడివి. హెడ్‌మాస్టర్ గారు అనుమతిస్తే వాటినీ స్కాన్ చేసి బడికే అప్పగిద్దాం.

రెండోది, ఉమ్మడి ఖాతా ఉంది కదా అని ఊరుకోవద్దు. అందులో ఎవరైనా పొరపాటున ఒక ఫొటో చెరిపేస్తే అది అందరికీ పోతుంది. కాబట్టి విడిగా రెండు హార్డ్ డిస్కుల్లో కూడా ప్రతులు తీద్దాం. ఒకటి బడిలో, పై అంతస్తులో ఉంచుదాం. రెండోది నాలాకు దూరంగా, వీలైతే వేరే ఊళ్లో ఉన్న మన సభ్యులకు ఇద్దాం.

మూడోది, ఏటా సర్వసభ్య సమావేశంలో అయిదు నిమిషాలు పరీక్షకు కేటాయిద్దాం. మొదటి బాధ్యుడు కుర్చీలో కూర్చుని నోరు మెదపకూడదు. రెండో బాధ్యుడు లేచి, సభలో ఎవరో ఒకరు అడిగిన సంవత్సరపు గ్రూప్ ఫొటో తెరిచి చూపించాలి. తెరుచుకుంటే చప్పట్లు కొడదాం. తెరుచుకోకపోతే ఆ రోజే సరిచేసుకుందాం.

స్కానింగ్‌కు కావలసిన మనుషులను, మొదటి రెండు డిస్కులను మా బ్యాచ్ తరఫున మేం ఇస్తాం. అటకల మీది పెట్టెలు దించాల్సిన పని మీది. వచ్చే రెండో ఆదివారం పొద్దున పది గంటలకు స్టాఫ్ రూమ్‌లో కూర్చుంటాం. ఫొటోలు తెచ్చేవాళ్లు వెనక పేర్లు రాసి తీసుకురండి. ముఖాలు గుర్తుపట్టగలిగే సార్లు, టీచర్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లు ఉండగానే పేర్లన్నీ రాయించుకుందాం.