పాటకు పునాది: బేస్ గిటారు

పాటకచేరీలో తంబూరా మ్రోగుచున్నంతసేపు దానిని ప్రత్యేకముగా వినువారుండరు. అందలి తీగె ఒకటి సడలినప్పుడు మాత్రము సభలోని వారందరు ఒక్కమారు తలయెత్తి చూతురు. మృదంగము సంగతియు అట్టిదే. కుడిప్రక్క పలుకు జతులను మెచ్చుకొందుము. ఎడమప్రక్క తొప్పిపై రవ్వముద్ద అద్దుకొని వాదకుడు పలికించు గంభీరనాదమునకు అంతగా చెవియొగ్గము. కాని ఆ నాదమే లేనిచో పాట నేలమీద నిలువదు.

పాశ్చాత్యుల పాటలో ఈ పని చేయు వాద్యమునకు బేస్ అని పేరు. అందును, గడచిన డెబ్బదియేండ్లకు పైగా లోకమంతట వ్యాపించినది బేస్ గిటారు. మన సినిమా పాటలలోను అది దినదినము వినబడుచునే ఉన్నది. అయినను, ఇది బేస్ గిటారు పలుకు అని గుర్తించి చెప్పగల శ్రోతలు కొలదిమంది. ఈ వాద్యమును గూర్చియు, దానిని పలికించిన కొందరు మహావాదకులను గూర్చియు నాలుగు మాటలు చెప్ప దలచినాము.

మొదట ఈ పనిని డబుల్ బేస్ అను వాద్యము చేయుచుండెను. వయొలిన్‌వలె విల్లుతోను పలుకు ఆ జాతి వాద్యములలో అదియే పెద్దది. నిలువబెట్టినచో సాధారణముగా మనిషికంటె ఎత్తు. వాదకుడు నిలుచుండి దానిని కౌగిలించుకొన్నట్లు పట్టుకొని వాయింపవలెను. ఊరూరు తిరుగు బృందములకు దానిని మోయుట ఒక కష్టము. డ్రమ్ములు, బూరలు మ్రోగు నాట్యశాలలలో దాని పలుకు వినబడకుండుట రెండవ కష్టము. దానికి మెట్లు లేవు గనుక వ్రేలు రవంత జరిగినను శ్రుతి తప్పుట మూడవ కష్టము. 1930ల నడుమ అమెరికాలోని సియాటిల్ నగరమున పాల్ టుట్‌మార్క్ అనునతడు విద్యుత్తుతో పలుకు చిన్న బేస్‌ను తయారుచేసెను గాని అది వ్యాప్తిలోనికి రాలేదు.

ఈ కష్టములు మూడింటిని తీర్చిన వాద్యమును లోకమునకిచ్చినవాడు రేడియోలు బాగుచేయు ఒక దుకాణదారు అని చెప్పినచో రేడియో శ్రోతలకు సంతోషము కలుగకపోదు. ఆయన పేరు లియో ఫెండర్. 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున రేడియో మరమ్మతు దుకాణము తెరచెను. చదివినది లెక్కల పద్దుల చదువు. గిటారు వాయించుట ఆయనకు రాదు. యాంప్లిఫైయర్లు బాగుచేయించుకొనుటకు వచ్చు వాద్యకారుల మొరలను మాత్రము శ్రద్ధగా వినెడివాడు. 1951లో ఆయన కర్మాగారమునుండి ప్రిసిషన్ బేస్ వెలువడెను. ప్రిసిషన్ అనగా ఖచ్చితము. మన వీణకువలె దానికి మెట్లుండెను గనుక స్వరము ఖచ్చితముగా పలుకునని ఆ పేరు పెట్టిరి. డబుల్ బేస్ తీగె నిడివి నలుబది అంగుళములకు పైబడియుండగా దీనిది 34 అంగుళములు. మెడలో పట్టీ తగిలించుకొని నడచుచును వాయింపవచ్చును.

గ్రామఫోను పెట్టె ఎరిగినవారికి ఇది పలుకు విధము సుబోధకమే. తీగెల క్రింద అయస్కాంతములును, వానిచుట్టు సన్నని రాగితీగె చుట్టయు అమర్చియుండును. ఉక్కుతీగె కంపించినప్పుడు ఆ చుట్టలో అతిస్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని యాంప్లిఫైయరు పెంచగా లౌడ్ స్పీకరు పలుకును. ఆ తొలిరోజులలో లయనల్ హాంప్టన్ జాజ్ బృందమున మంక్ మాంట్‌గోమరీ దీనిని చేపట్టి, ఇది ఆటవస్తువు కాదని ఊరూర నిరూపించెను.

ఇంతకు బేస్ చేయు పని యేమి? అది తాళమునకును రాగమునకును నడుమ నిలుచును. డ్రమ్ముతో కలిసి అడుగు వేయును. అదే క్షణమున పై స్వరములకు అర్థము చెప్పును. గాయకుడు గాంధారముపై నిలిచియున్నాడనుకొందము. క్రింద బేస్ షడ్జమును పలికినచో ఆ గాంధారమునకు ఒక ఛాయ. గాయకుడు కదలకుండగనే బేస్ మంద్రధైవతమునకు దిగినచో అదే గాంధారమునకు మరియొక ఛాయ. పైవాడు మారలేదు, వాని క్రింది నేల మారినది. పాట వినువారు గాయకుని గొంతులోనే ఏదో మార్పు వచ్చినదనుకొందురు.

ఇచట మన రేడియో సెట్టును గూర్చి ఒక చిత్రమైన సంగతి చెప్పవలెను. నాలుగు తీగెల బేస్ గిటారులోని అడుగు తీగె సెకనుకు సుమారు 41 మారులు కంపించును. ఇంటిలోని చిన్న రేడియో స్పీకరు అంత మంద్రమైన నాదమును సరిగా పలుకజాలదు. అయినను మనకు బేస్ వినబడుచునే ఉండును. అదెట్లు? తీగె మూలనాదముతోపాటు దానికి రెట్టింపు, మూడురెట్లు, నాలుగురెట్లు అయిన అనునాదములను గూడ పలుకును. స్పీకరు వానిని మనకందించును. వాని నడుమ దూరమునుబట్టి, వినబడని మూలనాదము ఇదియై ఉండవలెనని మన చెవియు మెదడును కలిసి పూరించుకొనును. ఈ విధముగా మన సెట్టు పలుకని స్వరమును మనమే వినుచున్నాము. అమెరికాలోని మోటౌన్ రికార్డు సంస్థవారు తమ పాటలను కారు రేడియోవంటి చిన్న స్పీకర్లపై వినిచూచి సరిదిద్దుకొనెడివారు. కొనువారు వినునది వానిపైననే అని వారికి తెలియును.

ఆ మోటౌన్ పాటలలో బేస్ వాయించినవారిలో అగ్రగణ్యుడు జేమ్స్ జేమర్‌సన్. 1936లో దక్షిణ కరొలినా రాష్ట్రమున పుట్టి, 1954లో డెట్రాయిట్ నగరమునకు వచ్చి, అచటి ఉన్నతపాఠశాలలో డబుల్ బేస్ నేర్చెను. 1960ల ఆరంభమున బేస్ గిటారునకు మారెను. వ్రేళ్లన్నియు చాలని చోట ఆయన కుడిచేతి చూపుడువ్రేలు ఒక్కదానితోనే తీగెలను మీటెడివాడు. దానికి తోటివారు కొక్కెమని ముద్దుపేరు పెట్టిరి. ఆయన వాద్యము 1962 నాటి ప్రిసిషన్ బేస్. దానికి చదునైన లోహపు పట్టీ చుట్టిన లావుపాటి తీగెలు. తెగిననే గాని వానిని మార్చెడివాడు కాడు. తీగెలు మెడకు మిక్కిలి ఎత్తుగా ఉండెడివి. బ్రిడ్జి మూతక్రింద స్పాంజి ముక్క ఒకటి ఒత్తుకొనియుండుటచే ప్రతి స్వరము గుండ్రముగా పలికి వెంటనే అణగెడిది.

ఆ వాద్యమును మరియొకరు చేపట్టినచో వాయించుటకే కష్టపడుదురు. అట్టిదానినుండియే ఆయన, గాయకుని ప్రక్కన మరియొక గాయకుడు పాడుచున్నాడా అనిపించునట్లు వరుసలు అల్లెను. 1964లో వెలువడిన టెంప్టేషన్స్ వారి మై గర్ల్ అను పాట ఆరంభమున ఒంటరిగా వినబడు పలుకు ఆయనదే. గిటారు దాని వెనుకనే వచ్చును; గాయకులు ఆ తరువాత వత్తురు.

నాదము వాద్యములో ఉన్నదా, వ్రేలిలో ఉన్నదా అని ఔత్సాహికులు వాదించుకొనుచుందురు. వాద్యము కొంత, తీగె కొంత చెప్పునుగాని కడపటి మాట వ్రేలిదే. అందుకు వేర్వేరు వాదకులే సాక్ష్యము. లాస్ ఏంజెలిస్ నగరమున గిటారు వాయించి జీవించు క్యారల్ కే అను యువతి, 1963లో ఒకనాడు రావలసిన బేస్ వాదకుడు రానందున ఈ వాద్యము చేపట్టెను. ఆమె వ్రేలితోగాక పిక్ అను చిన్నబిళ్లతో మీటెను. తీగెలపై ఫెల్టుముక్క అదిమిపెట్టుటచే ఆమె స్వరము తెగినట్లు స్పష్టముగా పలికెడిది. ఎన్నో సినిమాలకును, టెలివిజను కార్యక్రమములకును, గ్రామఫోను రికార్డులకును ఆమె వాయించెను. లారీ గ్రాహమ్ తన తల్లి పియానో వాయించుచు పాడుచుండగా బేస్ వాయించెడివాడు. బృందమున డ్రమ్ములవాడు లేకపోయెను. ఆ కొరత తీర్చుటకై బొటనవ్రేలితో తీగెను కొట్టుచు, మరియొక వ్రేలితో తీగెను లాగి విడుచుచు డ్రమ్ముల పనియు తానే చేసెను. ఆ పద్ధతి నేడు లోకమంతట బడులలో నేర్పబడుచున్నది.

జాకో పాస్టోరియస్ మార్గము వేరు. ఫెండర్ ఎంతో శ్రమించి అమర్చిన మెట్లు లేని బేస్ గిటారును ఆయన పట్టెను! చెక్కపై గట్టి ఎపాక్సి పూత పూసెను. ఇట్లు మన గోటువాద్యమునకు వలెనే ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారుట, మానవకంఠమువలె వణకుట దానికి అలవడెను. 1976లో వెలువడిన తొలి ఆల్బముతోనే ఆయన బేస్‌ను వెనుకవరుసనుండి సభాముఖమునకు తెచ్చెను. 1987లో, ముప్పదియైదవ యేట మరణించెను.

శ్రోతలు ఒక్క విషయము గమనింపవలెను. క్యారల్ కేకు రాని మనిషి, గ్రాహమ్‌కు లేని డ్రమ్ము: వీరి పద్ధతులు అవసరములోనుండి పుట్టినవి. వెనుక నిలుచువాడు పాటలో ఎచట ఖాళీ ఏర్పడినదో ఎల్లప్పుడు చూచుచుండును. దానిని పూరించుటయే ఆతని విద్య.

ఇట్లు పూరించినవారికి దక్కిన గౌరవమేమి? జేమర్‌సన్ కథ ఇచట కొంత చేదుగా ఉన్నది. 1960లలో మోటౌన్ రికార్డులపై గాయకుల పేర్లుండెను, రచయితల పేర్లుండెను. వాద్యకారుల పేర్లు లేవు. కోట్లకొలది జనులు ఆయన వరుసలను కూనిరాగములు తీసిరి. ఆయన పేరు వారెరుగరు. 1971లో మార్విన్ గే వెలువరించిన వాట్స్ గోయింగ్ ఆన్ అను ఆల్బముపై మొదటిసారి ఆయన పేరు అచ్చయ్యెను. దానిప్రక్క సాటిలేనివాడను విశేషణమును చేర్చిరి. మరుసటి యేడు మోటౌన్ సంస్థ లాస్ ఏంజెలిస్‌కు తరలిపోయెను. అచట ఆయనకు మునుపటి స్థానము దొరకలేదు. మద్యము ఆయన ఆరోగ్యమును హరించెను. 1983 ఆగస్టు 2వ తేదీన, నలుబదియేడవ యేట కన్నుమూసెను. అంతకు కొలదిదినములకు ముందే ఆ 1962 నాటి వాద్యము దొంగల పాలయ్యెను. అది మరల దొరకలేదు.

ఆయన వరుసలను స్వరపరచి చూపు గ్రంథము 1989లోను, ఆ బృందమును గూర్చిన చలనచిత్రము 2002లోను వెలువడినవి. నడుమ 2000 సంవత్సరమున రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వారు సహవాద్యకారుల వర్గమున ఆయనకు స్థానమిచ్చిరి. అన్నియు ఆయన వినలేని మెప్పులు.

మన దేశమున ఈ విషయమున ఒక మంచి ఆచారము కలదు. రేడియోలో కర్ణాటక సంగీతకచేరీ ప్రసారమైనప్పుడు గాత్రము ఎవరో చెప్పి ఊరకుండరు. వయొలిన్ ఎవరు, మృదంగమెవరు అని వారి పేర్లను గూడ చదువుదురు. ప్రక్కవాద్యమును పేరుపెట్టి పిలుచుట మన మర్యాద. ఆ మర్యాద సినిమా పాటకు అంతగా ప్రాకలేదు. పాడినవారెవరు, వ్రాసినవారెవరు, స్వరపరచినవారెవరు అని చెప్పుదురు; అంతటితో సరి. 1980ల నాటి తెలుగు పాటలలో, విశేషించి ఇళయరాజా స్వరపరచిన వానిలో, పల్లవికి ఎదురునడచుచు బేస్ గిటారు మరియొక పాటనే పాడుచుండును. ఆ వరుసను మీటిన వ్రేళ్లు ఎవరివో రికార్డుపెట్టె మీద వెదకినను చాలవరకు దొరకదు. ఆ తరపు వాద్యకారులలో ఇంకను మన నడుమ ఉన్నవారున్నారు. వారి పేర్లను అడిగి వ్రాసికొనుటకు ఇదియే తగిన సమయము. జేమర్‌సన్ విషయమున జరిగిన ఆలస్యము మనకు హెచ్చరిక.

శ్రోతలు చేయగలిగినది గూడ ఒకటి కలదు. మీకు కంఠతా వచ్చిన పాటను ఒకదానిని ఎంచుకొనుడు. పాడువారి వెంట పోవలదు. వారు ఎట్లును మీకు వినబడుదురు. చెవిని క్రిందికి దింపి, డ్రమ్ముతో కలిసి నడచు ఆ లావుపాటి తీగెను పట్టుకొనుడు. మొదటిసారి అది చేజారును. రెండవసారి పల్లవివరకు వచ్చును. మూడవసారి చరణమున అది ఎచట ఆగినదో, గాయకునికి ఎచట దారిచ్చినదో తెలియును. అప్పటినుండి ఆ పాట మీకు రెండు గొంతులతో వినబడును. పిల్లలను గూడ ప్రక్కన కూర్చుండబెట్టుకొని వినిపించుడు. ఆ రెండవ గొంతు ఎవరిది అని వారు తప్పక అడుగుదురు.