బట్టల యంత్రము: దాని జబ్బు, మన తప్పు
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



మాకు ముందు మాట్లాడిన పెద్దలు మన భాషను గురించి, మగ్గమును నమ్ముకొని షోలాపురం చేరిన మన తాతలను గురించి చక్కగా చెప్పినారు. మేము రైల్వేలో గుమాస్తాగిరి చేసుకునేవారము, మెట్రిక్కుతో చదువు ఆగినవారము. అంత పెద్ద సంగతులు మాకు చేతకావు. యింట్లో బట్టలుతికే యంత్రము మొరాయిస్తే యేమి చూడవలెను, యెక్కడ చేయి పెట్టకూడదు అన్న చిన్న సంగతి మనవి చేస్తాము. మా యంత్రముతో వచ్చిన పుస్తకము యింగ్లీషులో, హిందీలో వున్నది. బాగుచేసే మనిషి మరాఠీలో చెపుతాడు. రోజూ దానితో పని చేసే మా అమ్మకు తెలుగులో చెప్పినవారు యెవరూ లేరు. అందుకే యీ సాహసము.

మాది పైనుంచి బట్టలు వేసే ఆటోమేటిక్ యంత్రము. మొన్న చలికాలములో ఒక ఆదివారము బట్టలు ఉతికింది గాని పిండలేదు. తొట్టి నిండా మురికినీళ్ళు అట్లాగే నిలిచినవి. బాగుచేసే మనిషి వచ్చి పది నిమిషాలు చూచి, “మోటారు పోయింది, 4,500 రూపాయలవుతుంది” అన్నాడు. నెలాఖరు రోజులు. రేపు చెపుతామని పంపివేసినాము.

అంతవరకు గడప దగ్గర కూర్చున్న మా అమ్మ, “బిడ్డా, మోటరు ఖరాబైతే యిందాక బట్టలెట్ల తిప్పిందిరా?” అన్నది.

యీ మాట మాకు తట్టనే లేదు. రైలు ఉద్యోగము చేస్తూ తట్టకపోవడము సిగ్గుచేటు. దారిలో బండి ఆగిందంటే యింజను చెడిందని వెంటనే అనరు గదా! సిగ్నలు యెర్రగా వున్నదేమో ముందు చూస్తారు. మా యంత్రములో ఉతికేదీ, పిండేదీ ఒకటే మోటారు. ఉతికినంతసేపు అది తిరిగింది. తొట్టిలో నీళ్ళు పోతేగాని పిండే పని మొదలు కాదు. కావున జబ్బు మోటారులో గాక నీళ్ళు పోయే దారిలో వుండవలెను.

మొట్టమొదట ప్లగ్గు గోడనుంచి ఊడదీసినాము. స్విచ్చి ఆర్పితే చాలదు. కుళాయి కట్టినాము. తరువాత నీళ్ళు పోయే గొట్టము చూచినాము. మా యంత్రములో పంపు లేదు, నీళ్ళు పల్లమునకు జారిపోవలసినదే. గొట్టము యెత్తు మీదికి లేచినా, వెనుక మడతపడినా నీళ్ళు నిలుస్తవి. ముందువైపు తలుపు వున్న యంత్రములకైతే పంపు వుంటుంది. వాటికి సాధారణముగా కింది మూలన ఒక మూత, లోపల ఒక జల్లెడ వుంటవి. చిల్లర నాణెములు, పిన్నులు అందులోనే చేరుతవి.

మా గొట్టము బాగానే వున్నది. చెంబుతో నీళ్ళు తోడి, మా పెద్దవాడు ఒక ప్రక్క పట్టుకోగా యంత్రమును గోడకు వాల్చి, టార్చి వేసి కిందికి చూచినాము. తొట్టి అడుగున నీళ్ళను వదిలే వాల్వు వున్నది. దాని మూత తిప్పి తీయగా చిన్నదాని మేజోడు ఒకటి, దానికి చిక్కుకొని ఒక తలపిన్ను బయటపడినవి. కడిగి, మూత బిగించి నడిపితే నీళ్ళు బుడబుడమని పోయినవి, బట్టలు పిండింది. ఖర్చు శూన్యము.

యిక్కడితో ఆపితే మా గొప్ప చెప్పుకున్నట్లవుతుంది. అసలు సంగతి యిది కాదు.

యంత్రమును తిరిగి జరుపుతున్నప్పుడు మా యింటావిడ, “దాన్ని ముట్టుకుంటే నాకు చురుక్కుమంటున్నదని యెన్నిసార్లు చెప్పినా మీరు వినలేదు. ఒకసారి అదీ చూడరాదా?” అన్నది. నిజమే, చెప్పింది. తడిచేయి గదా, వుత్త భ్రమ అని తోసివేసినవారము మేమే. టెస్టరు తెచ్చి వెనుకవైపు మరమేకుకు తాకిస్తే దీపము వెలిగింది! కారణము వెతకనక్కరలేదు. ఏడాది క్రితము యంత్రమును వరండాలోకి మార్చినప్పుడు అక్కడ రెండు కన్నాల సాకెట్టే వుంటే, మూడో కడ్డీ పనిలేకుండా పోయే ఒక తగులును తెచ్చి బిగించినది మా చేతులే.

ఆ మూడో కడ్డీ యెర్తుది. మిగతా రెండింటికంటె లావుగా, పొడుగుగా వుంటుంది. ప్లగ్గు పెట్టేటప్పుడు అది ముందు తగలవలెను, తీసేటప్పుడు చివర విడవవలెను అని దానిని పొడుగుగా చేసినారు. లోపల తడి చేరో, తీగ పైపొర అరిగో పైరేకుకు కరెంటు వస్తే, ఆ కడ్డీ దానిని భూమికి దించుతుంది. ఆ దారి మూసివేస్తే తడినేల మీద ఉత్తకాళ్ళతో నిలబడిన మనిషే దారి అవుతాడు. మా అమ్మ రోజూ అట్లాగే నిలబడేది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మరునాడు లైసెన్సు వున్న వైర్‌మెన్‌ను పిలిచి మూడు కన్నాల సాకెట్టు, సరియైన యెర్తు తీగ వేయించినాము. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చినా కరెంటును తెంచివేసే స్విచ్చి కూడా పెట్టించినాము. యంత్రము లోపలి తీగలు కూడా చూపించిన తరువాతనే దానిని వాడుకలోకి తెచ్చినాము.

కడమ జబ్బులు క్లుప్తముగా చెపుతాము. నీళ్ళు సన్నగా వస్తుంటే కుళాయి గొట్టము తగిలేచోట వున్న చిన్న జల్లెడ తీసి కడగండి. బోరు నీళ్ళ తెల్లపొర కట్టితే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో నానవేయండి. పిండేటప్పుడు యంత్రము గంతులు వేస్తే నాలుగు కాళ్ళూ సమముగా వున్నవా చూడండి. మన షోలాపురం చద్దరు నీరు పీల్చి బరువెక్కుతుంది. ఒక్కదానినే వేస్తే ఒక ప్రక్కకు చేరి తొట్టిని కొట్టిస్తుంది, దానికి జతగా మరొకటి వేయండి. మోటారు మూలుగుతూ తిరగకపోతే మాత్రము లోపల చేయి పెట్టకండి. కెపాసిటరు అనే డబ్బాలో ప్లగ్గు తీసిన తరువాత కూడా కరెంటు నిలిచి వుండవచ్చును. అది తెలిసినవారి పని, వారి కూలి వారికి యివ్వవలసినదే.

మోటారు పోయిందన్న మనిషి మీద మాకు కోపము లేదు. అతడు పది నిమిషాలు చూచి తప్పు చెప్పినాడు. మేము ఏడాదిపాటు చూడకనే తప్పు చేసినాము. కావున యీ పండుగనాడు యిళ్ళకు పోయిన తరువాత, ఉగాది పచ్చడి తిన్న చేయి కడుక్కొని, తుడుచుకొని, మీ యంత్రము ప్లగ్గుకు యెన్ని కడ్డీలున్నవో, అది యెటువంటి సాకెట్టులో వున్నదో ఒక్కసారి చూడండి. యింట్లో ఆడవారు “చురుక్కుమన్నది” అంటే ఆ మాటను నమ్మండి.