అన్ని ఖాతాలు కూడినగాని లెక్క తేలదు
(కామాటిపుర చాళ్లలోని తల్లిదండ్రుల కూటమిలో చేసిన ప్రసంగము)



మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, బియ్యము పప్పుల బేరములో తల నెరసినవారము. అయినను పిల్లలకిచ్చు విటమిన్ ‘ఎ’ మోతాదును గూర్చి నాలుగు మాటలు మనవి చేయవలసి వచ్చినది. మన చాళ్లలో కొందరు తల్లులు, “హైదరాబాదు పరీక్షలోనే దీనివలన ఫలము లేదని తేలినదట” అని పిల్లలను దవాఖానాకు తీసికొనిపోవుట మానినారు.

ఆ మాట వట్టిది కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు చుట్టుపట్ల గ్రామములలో సుమారు 16 వేల పిల్లలను పరీక్షించి, ఆరు నెలల కొకసారి ఇచ్చిన పెద్ద మోతాదువలన మరణములలో తేడా కనబడలేదని 1990లో ప్రకటించిరి. కాని అదే సంవత్సరమున తమిళనాడు పరీక్షయు వెలువడినది. అచ్చట సుమారు 15 వేల పిల్లలలో, వారమువారము చిన్న మోతాదు పొందినవారి మరణములు నూటికి 54 వంతులు తగ్గెను. దేనిని నమ్మవలెను?

మన అంగడి లెక్కయే చూడుడు. ఒకచోట 10 బస్తాలలో 5 పురుగు పట్టినవి. మరియొకచోట 1000 బస్తాలలో 100. నూటికి 50, నూటికి 10 అని రెంటికి సగటు తీసి 30 అందుమా? అనము. మొత్తము 1010కి 105, అనగా నూటికి పదికి కొంచెము పైన. పెద్ద సరుకునకు పెద్ద తూనిక. పండితులును ఇట్లే చేయుదురు. ఏ పరీక్షకు ఆ పరీక్షలోనే మోతాదు పొందినవారిని పొందనివారితో పోల్చి, ఆ తేడాకు పరీక్ష గట్టిదనమునుబట్టి తూనిక కట్టి, అన్నిటిని కూడుదురు. మరణములు కొలదిగా నున్నచోట ఒక్క పరీక్ష యదృచ్ఛచే అటో ఇటో మొగ్గవచ్చును. తేడా ‘కనబడలేదు’ వేరు, తేడా ‘లేదు’ వేరు.

1993లో ఇట్లు హైదరాబాదు లెక్కనుకూడ చేర్చి కూడగా, మరణములు నూటికి 23 వంతులు తగ్గినట్లు తేలినది. తరువాత ఉత్తరప్రదేశ్‌లో పది లక్షల పిల్లలపై జరిగిన మహాపరీక్ష 2013లో వెలువడి, 4 వంతుల తగ్గుదలయే చూపెను. అదియు యదృచ్ఛ కావచ్చునన్నంత స్వల్పము. దానిని పాతవానితో కూడగా 11 వంతులు. 2022 నాటి కాక్రేన్ సమీక్షలో 12 వంతులు. మొదట చెప్పినంత గొప్ప ఫలము కాదు. అయినను నూరు చావులలో పండ్రెండు తప్పుట చిన్న లాభమా?

కూడికలోను మోసము కలదు. లాభము వచ్చిన చిట్టాలు మాత్రమే చూపి నష్టపువి దాచు వర్తకునివలె, ఫలము లేని పరీక్షలు అచ్చు కాకున్న మొత్తము తప్పును. లోపము హెచ్చుగానున్న ఊరిలో ఫలము హెచ్చు, లేనిచోట తక్కువ. కనుక ఒక్క సగటు అన్ని ఊళ్లకు సరిపడదు.

కావున తల్లులారా, హైదరాబాదు మనదే యని ఆ ఒక్క ఖాతానే పట్టుకొనవలదు. తొమ్మిదవ నెల నిండిన బిడ్డను దవాఖానాకు తీసికొనిపోయి, ఐదేండ్లు వచ్చువరకు వారు చెప్పిన గడువులకు మోతాదు వేయింపుడు, కార్డు భద్రపరుపుడు. మేలే గదాయని అంగడిలో కొని అదనముగా పోయవలదు. ఈ విటమిన్ మితి మీరిన కీడు చేయును. మునగాకు, బొప్పాయి, గ్రుడ్డు ఇంట మానవలదు.

అన్ని ఖాతాలు చూడనిదే మేము ఏడాది లెక్క మూయము. బిడ్డ ప్రాణము విషయమున అంతకు తక్కువ జాగ్రత్త తగునా?