మన చేతిలో ఉన్నది, మన చేతిలో లేనిది
(శతజయంతి కూడికలలో ఇచ్చిన ప్రసంగ పాఠము)



కష్టములను ఎదుర్కొనుటను గూర్చి మాట్లాడుమని మమ్మును కోరారు. ఆ మాట వినగానే యోబును గూర్చో, యోసేపును గూర్చో వినబోతున్నామని మీరు అనుకొని ఉంటారు. ఈ సాయంకాలము మాత్రము మిమ్మును మరియొక ఇంటికి తీసికొని వెళ్లదలచాము. అది మన ఇల్లు కాదు. అయినా అపొస్తలుడైన పౌలు ఎరిగిన ఇల్లు.

అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో పౌలు ఏథెన్సు సంతవీథిలో కొందరు జ్ఞానులతో వాదించాడు. వారిలో స్తోయికులు అనేవారున్నారు. మనము ఎన్నోసార్లు చదివిన అధ్యాయమే గాని, ఆ పేరు దగ్గర ఎప్పుడూ ఆగలేదు. ఎవరీ స్తోయికులు?

క్రీస్తుకు పూర్వము సుమారు 300 సంవత్సరముల నాడు కుప్ర ద్వీపమువాడైన జేనో అనే వర్తకుడు ఏథెన్సులో ఉండేవాడు. ఓడ పగిలి సరుకంతా సముద్రము పాలుకాగా ఆ పట్టణము చేరాడని, అక్కడ ఒక పుస్తకాల అంగడిలో సోక్రటీసును గూర్చి విని జ్ఞానమార్గము పట్టాడని చెబుతారు. తరువాత ఆయన బొమ్మలు చిత్రించిన ఒక స్తంభాల మంటపములో బోధించాడు. గ్రీకు భాషలో అట్టి మంటపమును స్తోవా అంటారు. ఆయన శిష్యులకు ఆ పేరే నిలిచింది. ఆయన స్థానమునకు వచ్చిన క్లెయాంతేసు రాత్రులు తోటలకు నీళ్లు తోడి, పగలు చదువుకొన్న కష్టజీవి. పౌలు పుట్టిన తార్సు కూడా ఈ విద్యకు పేరుపొందిన పట్టణమే. అందుకే అరేయొపగులో ఆయన వారికి పరిచయమైన కవుల మాటనే ఎత్తుకొని సువార్త చెప్పగలిగాడు.

వీరిలో మన సంఘమువారు తప్పక ఎరుగవలసినవాడు ఎపిక్తేతు. ఈయన సుమారు క్రీ.శ. 50లో హియెరాపొలిలో పుట్టాడు. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక చివర, ఎపఫ్రా ఎవరి కొరకు ప్రయాసపడ్డాడో పౌలు చెప్పినచోట ఆ ఊరి పేరు కనబడుతుంది. ఎపిక్తేతు పుట్టు బానిస, కుంటివాడు. రోములో నీరో చక్రవర్తి కొలువులోని ఒకని ఇంట దాస్యము చేస్తూనే చదువుకొన్నాడు. విడుదల పొంది బోధకుడైన తరువాత దొమీషియను చక్రవర్తి జ్ఞానులను వెళ్లగొట్టగా, గ్రీసు దేశములోని నికొపొలి చేరి అక్కడ బడి పెట్టాడు. ఆయన ఒక్క పుస్తకమైనా వ్రాయలేదు. అర్రియను అనే శిష్యుడు వ్రాసిపెట్టిన మాటలే మనకు మిగిలాయి.

ఆయన బోధకు మూలము ఒక్కటే. కొన్ని సంగతులు మన చేతిలో ఉన్నవి, కొన్ని లేవు. మన తలంపు, మన కోరిక, మన నిర్ణయము మన చేతిలో ఉన్నవి. శరీర ఆరోగ్యము, ఆస్తి, పదవి, ఇతరులు మనలను గూర్చి అనుకొనేది మన చేతిలో లేవు. లేనివాటిని పట్టుకొని వేలాడేవాడు ఏడుస్తాడు. ఉన్నవాటిని సరిగా చేసేవాడు స్వతంత్రుడు. మెడకు కాడి ఉన్న బానిస ఈ మాట చెప్పాడు గనుకనే దీనికి బరువున్నది.

దీనిని విలుకాని దృష్టాంతముతో చెప్పేవారు. గురి చూచుట, విల్లు బాగా లాగుట అతని పని. వదిలిన తరువాత గాలి వీచవచ్చు, గురి కదలవచ్చు. మన పిల్లలు పరీక్షలు వ్రాస్తారు. చదువుట వారి చేతిలో ఉన్నది, ఫలితాల పట్టిక వారి చేతిలో లేదు. ఈ తేడా తల్లిదండ్రులకు తెలిస్తే ఎన్ని ఇళ్లలో శాంతి కలుగునో ఆలోచించండి.

సెనెకా అనే మరియొక స్తోయికుడున్నాడు. కొరింథులో పౌలును న్యాయపీఠము ఎదుటికి తెచ్చినప్పుడు అధిపతిగా ఉన్న గల్లియోను ఈయనకు సొంత అన్న. సెనెకా మహా ధనవంతుడు. అయినా కొన్ని దినములు ముతక బట్ట, చవుక భోజనముతో గడిపి, నేను భయపడిన దారిద్ర్యము ఇంతేనా అని నిన్ను నీవే అడుగుమని స్నేహితునికి వ్రాశాడు. రాత్రి దీపము తీసివేసిన తరువాత ఆ దినమంతా తాను చేసిన పనులను, పలికిన మాటలను తానే విచారణ చేసుకొనేవాడు. తన తప్పును దాచుకొనేవాడు కాడు. మన కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత ఐదు నిమిషములు అలా కూర్చుంటే మనకు నష్టమేమి?

ప్రియులారా, ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పుకొంటాము. వేదాంత కళాశాల విడిచి మొదటి పాస్టరేటుకు వెళ్లిన సంవత్సరము, ఒక ఇంట తాపీపని చేసే యౌవనుడు ప్రమాదములో చనిపోయాడు. భార్య, ఇద్దరు బిడ్డలు, ముసలి తల్లి మిగిలారు. మేము మూడుసార్లు వెళ్లి ప్రార్థన చేసి, ఇది దేవుని చిత్తము, ఏడవకూడదని బోధించాము. మూడవసారి ఆ ముసలితల్లి తల ఎత్తి ఇలా అన్నది: "అయ్యగారూ, లాజరు సమాధి దగ్గర మన ప్రభువే కన్నీళ్లు విడిచాడు గదా. మమ్మల్ని ఏడవనియ్యండి. డెత్ సర్టిఫికెట్టు కోసం పది రోజుల్నుంచి కోడలు తిరుగుతోంది. ఆ అర్జీ రాయించి పెడితే మీకు పుణ్యముంటుంది."

మేము సిగ్గుపడ్డాము. ఆ బిడ్డ ఎందుకు చనిపోయాడో చెప్పుట మా చేతిలో లేదు. దానికి మూడుసార్లు వివరణ ఇచ్చాము. అర్జీ వ్రాయుట మా చేతిలో ఉన్నది. దానిని ఒక్కసారైనా అడుగలేదు. మరునాడు ఆ కోడలితో వెళ్లి, ఆఫీసు బల్లమీద మధ్యాహ్నము వరకు కూర్చుని కాగితము తెచ్చుకొన్నాము. తిరిగివచ్చే దారిలో ఆమె ఏడ్చింది. ఈసారి మేము ఏమియు చెప్పలేదు, ప్రక్కన నడిచాము.

గనుక స్తోయికుల జ్ఞానమును రెండు విధముల అపార్థము చేసికొనవద్దు. అది చేతులు కట్టుకొని కూర్చుని తలవ్రాత అనుకొనే మాట కాదు. మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి క్రీ.శ. 161 నుండి 180 వరకు యుద్ధములు, మహమ్మారి, సొంత బిడ్డల మరణములు చూచాడు. అయినా తెల్లవారగానే లేచి తన పని తాను చేయుటకు తన్ను తానే హెచ్చరించుకొంటూ, దండు విడిసిన చోట కూడా వ్రాసుకొన్నాడు. అలాగే అది గుండెను రాయి చేసికొనుట కూడా కాకూడదు.

ఇక్కడ మనము వారితో విడిపోతాము. దుఃఖించువానితో మాటలవరకు దుఃఖపడుము గాని నీ లోపల మాత్రము మూలుగకుమని ఎపిక్తేతు నేర్పాడు. మన ప్రభువు లోపల కూడా మూలిగాడు. అంతేకాదు, మార్కస్ ఏలుబడిలోనే యుస్తీను రోములో హతసాక్షి అయ్యాడు. 177లో లియోను పట్టణపు విశ్వాసులు చంపబడ్డారు. ఎంత గొప్ప జ్ఞానమైనా పొరుగువాని బాధను చూడనప్పుడు కొరత కలదే.

పౌలు ఈ మేలును, ఈ కొరతను రెండింటిని ఎరిగినవాడు. ఫిలిప్పీయులకు తాను ఏ స్థితిలోనైనను తృప్తి కలిగియుండ నేర్చుకొన్నానని చెప్పినప్పుడు, తనకు తాను చాలినవాడు అను అర్థమిచ్చే స్తోయికుల మాటనే వాడాడు. అయితే ఆ బలము తనది కాదని, తనను బలపరచువానిదని వెంటనే చెప్పాడు. ఆ సంఘము పంపిన సహాయమునకు కృతజ్ఞత కూడా తెలిపాడు. చెరలో ఉన్నవాడు ఒంటరిగా చాలినవాడని చెప్పుకొనలేదు.

మన తాతముత్తాతలు ఈ నూరు సంవత్సరములలో కరవులు, తుపానులు, అంటురోగములు చూచారు. వానను ఆపుట వారి చేతిలో లేదు. గుడి తలుపు తెరచి పొరుగువానికి చోటిచ్చుట వారి చేతిలో ఉన్నది. మన ముందున్న కష్టము ఎట్టిదైనను మొదట ఈ ఒక్క ప్రశ్న వేసికొందాము: ఇందులో మన చేతిలో ఉన్నదేమి? దానిని ఈ దినమే చేద్దాము. మిగిలినది ప్రభువు చేతిలో పెట్టి, ఏడ్చువారి ప్రక్కన కూర్చుందాము.

అట్టి కృప ప్రభువు మనకందరికిని అనుగ్రహించును గాక. ఆమేన్.