యంత్రము వెనుక గ్రంథము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ మనగానే పురాణములు, కావ్యములు, నవలలు, వార్తాపత్రికలు స్ఫురించుట సహజము. విద్యార్థికి పాఠ్యగ్రంథము, వృద్ధునకు భాగవతము, విశ్రాంతి వేళ గృహిణికి కథల పుస్తకము చేతికి వచ్చును. అయితే వంతెన కట్టువాడు, ఇనుము కరగించువాడు, విద్యుచ్ఛక్తిని పుట్టించువాడు ఏమి చదువును? తనకు కావలసిన పుటను ఎట్లు వెదకికొనును? ఈ ప్రశ్న గ్రామమునకు దూరమైనట్లు తోచును. కాని మిల్లులో బాయిలరు ప్రక్క నిలిచి పనిచేయు కూలివాని ప్రాణము, ఇంటి శ్లాబు క్రింద నిద్రించు బిడ్డల క్షేమము ఆ చదువుపై ఆధారపడి యున్నవి.

1905వ సంవత్సరము మార్చి 20వ తేదీన, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, బ్రాక్టన్ పట్టణములోని ఒక పాదరక్షల కర్మాగారమున బాయిలరు ప్రేలెను. ఆ ఉదయము క్రొత్త బాయిలరును ఆపివేసి పాతదానిని నడపుచుండిరి. భవనము కూలి, అగ్ని చెలరేగి, 58 మంది మరణించిరి. బాయిలర్ల సంగతి తెలిసినవారు ఆనాడు లేకపోలేదు. కాని ఆ తెలివి యంతయు ఒకచోట చేరి, అందరు పాటింపవలసిన నియమముగా నుండలేదు. 1907లో ఆ రాష్ట్రము శాసనము చేసెను. 1914లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘము 114 పుటల నియమ గ్రంథమును సిద్ధపరచెను. నేడది అనేక సంపుటములుగా పెరిగినది. భారతదేశమున 1923లో బాయిలర్ల చట్టము వచ్చెను. గోదావరి జిల్లాల మిల్లులలో ఉప్పుడు బియ్యమునకై ధాన్యమును ఉడికించు ఆవిరియు నియమముల హద్దులోనే పుట్టవలసి యున్నది. ఇంజనీరు చదువు కేవలము విద్యా వినోదము కాదనుటకు ఇంతకన్న నిదర్శన మక్కరలేదు.

ఇంజనీరు గ్రంథమును మొదటి పుట మొదలు తుదిపుట వరకు చదువుట అరుదు. అతనికి కావలసినది ఒక పట్టిక, ఒక సూత్రము, ఒక కొలత. ఆవిరి వేడిమికిని పీడనమునకును గల సంబంధము వంటి సంగతులను చేతి పుస్తకములలో చూచుకొనును. యంత్రము విప్పవలసి వచ్చినపుడు తయారీదారు పంపిన వివరణ పుస్తకమును తెరచును. వస్తువు ఎట్లుండవలెనో ప్రమాణ పత్రములు తెల్పును. క్రొత్త యుక్తులను పేటెంటు పత్రములలో వెదకును. ఏలనన, పేటెంటు పొందువాడు తన కల్పనను లోకమునకు విప్పి చెప్పవలెను, గడువు తీరిన పిమ్మట ఎవరైనను దానిని వాడుకొనవచ్చును. ఇతరుల ప్రయోగ ఫలితములను సాంకేతిక పత్రికలు తెచ్చును. వీనితో సమానమైనది కర్మాగారములో దినదినము వ్రాసి యుంచు పుస్తకము. ఏ బేరింగు ఎన్నడు వేడెక్కెనో, ఏ భాగమును ఎప్పుడు మార్చిరో ఏ పట్టణపు గ్రంథాలయమునను దొరకదు; అచ్చటనే దొరకును.

పుస్తకము దొరకినంత మాత్రమున పని తీరదు. అది ఏనాటిదో చూడవలెను. కాంక్రీటు నిర్మాణములకు సంబంధించిన ఐ.ఎస్. 456 అను భారతీయ ప్రమాణము మొదట 1953లో వెలువడెను. పిమ్మట 1957, 1964, 1978, 2000 సంవత్సరములలో సవరింపబడెను. 1978 నాటి ప్రతి ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటునకు ఎం-15 రకమును అనుమతించెను. 2000 నాటి ప్రతి ఎం-20 కన్న తక్కువ రకము పనికిరాదనెను. ఇచ్చట 20 అనగా 28 దినముల వయస్సు గల కాంక్రీటు దిమ్మ చదరపు మిల్లీమీటరునకు 20 న్యూటనుల ఒత్తిడికి, అనగా చదరపు సెంటీమీటరునకు సుమారు 200 కిలోగ్రాముల బరువునకు ఓర్వవలెనని యర్థము. బలహీనమైన కాంక్రీటులోనికి తేమయు, సముద్రతీరమున ఉప్పుగాలియు సులభముగా చొచ్చి చువ్వలను తుప్పు పట్టించును. బీరువాలో పాత ప్రతి నుంచుకొని దానినే నమ్మినవాడు, చదివియు తప్పు చేయును. కావుననే మంచి ఇంజనీరు పుస్తకము పేరుతో పాటు దాని సంవత్సరమును కూడ అడుగును.

ఇక వెదకుట యనునది వేరొక విద్య. పత్రికలు పెరిగినకొలది వానినన్నిటిని చూచుట మానవ మాత్రునకు సాధ్యము కాకపోయెను. 1884లో అమెరికాలో జాన్ బట్లర్ జాన్సన్ అను ఆచార్యుడు ఇంజనీరింగు వ్యాసములకు సూచిక ప్రకటింప నారంభించెను. ఏ వ్యాసము ఏ పత్రికలో కలదో, అందేమున్నదో కొలది మాటలలో తెల్పుటయే దాని పని. మన దేశమున 1952లో యునెస్కో సహాయముతో ఢిల్లీలో ఇన్స్‌డాక్ అను సంస్థ ఏర్పడి, కోరినవారికి వ్యాసముల నకళ్లను, పరభాషా వ్యాసముల యనువాదములను సమకూర్చెను. 2002లో అది మరియొక సంస్థతో కలిసిపోయెను. 1931లో ఆచార్య రంగనాథన్ గారు ప్రకటించిన ఐదు గ్రంథాలయ సూత్రములలో నాల్గవది పాఠకుని కాలమును ఆదా చేయుటను గూర్చినది. యంత్రము ఆగి, పనివారు చేతులు కట్టుకొని నిలిచియున్న వేళ ఆ సూత్రము విలువ బాగుగ తెలియును.

అయినను ఇంజనీరు మొదట పోవునది సూచిక వద్దకు కాదు. ప్రక్క బల్ల వద్ద నున్న తోటివాని వద్దకు. అమెరికాలో థామస్ అలెన్ అను ఆచార్యుడు దీనిని చాలకాలము పరిశీలించి 1977లో ఒక గ్రంథము ప్రకటించెను. ఇంజనీర్లు ఎక్కువగా మాటల ద్వారమున విషయము గ్రహింతురనియు, బల్లల మధ్య దూరము పెరిగినకొలది ఆ సంభాషణ త్వరగా తగ్గిపోవుననియు అతడు చూపెను. ప్రతి పనిచోటను ఒకరిద్దరు ఇతరులకన్న ఎక్కువగా పత్రికలు చదివి, బయటివారితో పరిచయము పెంచుకొని, తెలిసినది తోటివారికి అందించుచుందురు. పదిమంది దాహము తీర్చు ఊరబావి వంటి వారు. అట్టివాడు లేనిచోట అలమరలు నిండియున్నను పని యెండిపోవును.

నేడు కంప్యూటరు ముందు కూర్చుండి క్షణములో వేయి వ్యాసముల పేర్లు తెప్పించుకొనవచ్చును. వెదకుట సులభమైనది గాని, ఎన్నుకొనుట సులభము కాలేదు. ఏది నమ్మదగినది, ఏది రద్దయినది, ఏది ఈ యంత్రమునకు వర్తించును అను వివేచన మనుష్యుడే చేయవలెను.

ఇందు గ్రామ గ్రంథాలయమునకు పని లేదా? తప్పక యున్నది. పంపుసెట్టుతో, మోటారుతో, ట్రాక్టరుతో వచ్చు వివరణ పుస్తకము అనేక గృహములలో మొదటి వారమే చిత్తు కాగితమగుచున్నది. దానిని తెచ్చి గ్రంథాలయమున నొక పెట్టెలో యంత్రము పేరు వ్రాసి యుంచినచో, విడిభాగము సంఖ్య కొరకు మెకానిక్కు పట్టణమునకు పరుగెత్త నక్కరలేదు. ఊరిలో త్రవ్విన ప్రతి బోరు లోతును, తగిలిన రాతిని, పడిన నీటిని ఒక పుస్తకమున వ్రాసియుంచినచో, తరువాతి రైతు అప్పుచేసి గ్రుడ్డిగా త్రవ్వింపడు. ఇంగ్లీషు చదువలేని మెకానిక్కునకు చదువుకొన్న యువకుడు ఆ పుటను తెలుగున చెప్పవలెను.

1935లో పాతూరి నాగభూషణము గారు పడవ గ్రంథాలయము నడిపి, పాఠకుని వెదకికొనుచు పుస్తకములను కాలువ దారిని పంపిరి. కర్మాగారములో నైనను, గ్రామములో నైనను ధర్మ మొక్కటియే. కావలసిన పుట, కావలసిన వేళకు, కావలసిన చేతికి అందవలెను. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయము ఇకముందు పనిముట్టు పట్టిన చేతికి కూడ పుస్తకము నందించు గాక!