చక్రములపై ఇల్లు – ఆరిన దీపము

కోరుకొండ నరసింహస్వామివారి కొండ దిగువన ఫాల్గుణమాసమున తీర్థము జరుగునపుడు, వాహనములు నిలుపు చోట్లను ఒకమారు చుట్టివచ్చినవారికి కాలము మారినదని వేరుగా చెప్పనక్కరలేదు. ఒకప్పుడు గూడుబండ్లు విడిసిన తోటలలో ఇప్పుడు కార్లు, బస్సులు నిలుచుచున్నవి. వాటి నడుమ ఒకటి రెండు వింత వాహనములు కూడ కనబడును. వెలుపలినుండి చూచిన వాను. లోపలికి పోయి చూచిన ఇల్లు. పడక, వంటగట్టు, నీళ్లతొట్టి, చిన్న ఫ్రిజ్జు, పంకాలు, స్నానపుగది – అన్నియు అందులోనే. సినిమా చిత్రీకరణల పుణ్యమా అని మనవారు దీనికి కారవాను అను పేరు స్థిరపరచినారు. ఆ మాటకు వచ్చిన గూడుబండియు కారవానే. కాని దానికి విద్యుత్తుతో పని లేదు. ఇరుసుకు వ్రేలాడు లాంతరు చాలును.

తెలుగునాట ఇట్టి వాహనమును ఊరూర జనులు గుమిగూడి చూచినది 1982వ సంవత్సరమున. నందమూరి తారక రామారావుగారు పాత షెవ్రొలే వాను నొకదానిని మార్పించి, చైతన్యరథమని పేరిడి, దానిపై నిలిచి ప్రసంగించుచు రాష్ట్రమంతయు తిరిగినారు. కుమారుడు హరికృష్ణగారు దానిని నడిపినారు. అప్పుడది నాయకుని రథము. ఇప్పుడు సామాన్య కుటుంబములు కూడ పదిమంది కలిసి అద్దెకు తీసికొని యాత్రలకు బయలుదేరుచున్నవి. 2027లో గోదావరి పుష్కరములు రానున్నవి. కనుక ఇట్టి ఇంటిలో రాత్రివేళ దీపమారినపుడు ఏమి చేయవలెనన్నది ఏదో ధనవంతుల విచారమని శ్రోతలు తలపరాదు.

మన ఇంటిలో దీపమారినచో మనము మొదట చేయు పని వీధిలోనికి తొంగిచూచుట. ఎదురింట దీపమున్నచో దోషము మనయింట; లేనిచో దోషము తీగలలో. కారవానుకు ఎదురిల్లు లేదు. ఆ పరీక్ష బండిలోనే జరుగవలెను. అదృష్టవశమున అందుకు వీలున్నది. ఏలయన అందులో విద్యుత్తు ఒక్కటి కాదు, రెండు. బయటినుండి తీగ తగిలించి తెచ్చుకొను 230 వోల్టులది ఒకటి. బ్యాటరీలో దాచుకొను 12 వోల్టులది రెండవది. ఆ బ్యాటరీలు కూడ రెండు. ఒకటి ఇంజను కదలించుటకు, మరియొకటి ఇల్లు నడపుటకు. శీతలయంత్రము, మిక్సీ, ఇస్త్రీపెట్టె మొదటి విద్యుత్తు సొమ్ము. దీపములు, చిన్న పంకాలు, నీటిపంపు రెండవదాని సొమ్ము. ఫ్రిజ్జు కొన్ని బండ్లలో దేనితోనైనను నడచును.

కనుక ఏది ఆరినదని కాక, ఏది ఆరలేదని ముందు చూడవలెను. శీతలయంత్రము మాత్రమే ఆగి దీపములు వెలుగుచున్నచో దోషము బయటి తీగలో. దీపములు ఆరి, ముందుభాగమున డ్రైవరు రేడియో పలుకుచున్నచో ఇంజను బ్యాటరీ క్షేమము. ఇంటి బ్యాటరీ వైపున వెదకవలెను. ఒకే దీపమారినచో బల్బో, దాని ఫ్యూజో. ఈ ఒక్క పరిశీలనతో వెదకవలసిన చోటు నాలుగవవంతుకు తగ్గును. చేతిలో ఏ సాధనమును ఉండనక్కరలేదు.

ఆపైన గోదావరి రైతు ఎరిగిన పద్ధతియే ఉపకరించును. శివారు చేనికి నీరందనిచో అతడు చేను త్రవ్వుకొనుచు కూర్చుండడు. కాలువగట్టు పట్టి పైకి నడచును. ఈ తూమువద్ద నీరున్నదా? లేదు. పైతూమువద్ద? ఉన్నది. అడ్డు ఆ రెంటి నడుమనే. విద్యుత్తుకును ఇదే నడక. బ్యాటరీ, దాని ప్రక్క పెద్ద ఫ్యూజు, ఫ్యూజుల పెట్టె, స్విచ్చి, దీపము – ఇవి వరుస తూములు. దారి మధ్యనున్న పెట్టెవద్ద మొదట చూచినచో సగము దారి ఒక్క దెబ్బతో తొలగిపోవును.

ఒక ఏటి తీర్థమునకు ధ్వనిముద్రణకై వెళ్లినపుడు మేము చూచిన సంగతి ఇచట చెప్పవలెను. కొండ దిగువ తోటలో హైదరాబాదునుండి వచ్చిన కుటుంబమొకటి ఇట్టి బండిలో విడిసినది. రాత్రి ఎనిమిది గంటలకు లోపల అంతయు చీకటియైనది. ఫ్రిజ్జు ఆగినది. అందులో ఇంటి పెద్దాయనగారి ఇన్సులిను సీసాలున్నవి. కోడలిగారి ఆదుర్దా అదియే. డ్రైవరు ఆ ఆదుర్దా చూడలేక పొడవైన తీగ తీసికొని తోటలోని మోటారు షెడ్డువైపు నడచినాడు. బోరు మోటార్లకు వైండింగు కట్టు పనివాడొకడు అదృష్టముకొలది దగ్గరనే ఉండి, "ఆయ్, ఆ తీగ వద్దండి బాబూ. అక్కడ మూడు ఫేజులుంటాయండి. ముందు బండిలో ఏది బతికుందో చూద్దామండి" అని ఆపినాడు. పెద్దాయనగారివైపు తిరిగి, "మందు గురించి కంగారు పడకండి. ఫ్రిజ్జు తలుపు తియ్యకుండా ఉంచండి. కావాలంటే మా ఇంట్లో కుండుందండి" అన్నాడు. తడిగుడ్డ చుట్టిన కుండలో గిన్నె పెట్టి, సీసాలు తడియకుండ అందులో ఉంచు పద్ధతి ఫ్రిజ్జు లేని ఇండ్లలో ఎందరో రోగులు పాటించుచున్నదే. ఆ మాటతో అందరి మనస్సులును కుదుటపడినవి. తొందర పోయినది. తరువాతి పని సులభమైనది.

ముందుభాగమున పాట వినబడుచునేయున్నది. అనగా ఇంటి బ్యాటరీ వైపే. అతడు వోల్టులు చూపు మల్టీమీటరును బ్యాటరీ కొనలకు తాకించినాడు. 12.5. బ్యాటరీ దాదాపు నిండుగనే ఉన్నది. ఫ్యూజుల పెట్టెవద్ద తాకించినాడు. అక్కడను 12.5. డ్రైవరు విస్తుపోయినాడు. వోల్టులున్నవి, దీపము లేదు! పనివాడు నవ్వి, పంకా స్విచ్చి వేసి మరల చూడుమన్నాడు. పంకా తిరుగలేదు కాని పెట్టెవద్ద ముల్లు 7కు పడిపోయినది. బ్యాటరీవద్ద మాత్రము 12.4 చెదరలేదు.

ఇందలి మర్మమును శ్రోతలు గ్రహింపవలెను. మూసియున్న కుళాయివద్ద గొట్టములో ఎంత పూడికయున్నను ఒత్తిడి నిండుగనే ఉండును. కుళాయి త్రిప్పినపుడే పూడిక బయటపడును. తుప్పుపట్టిన అతుకు గుణమును అట్టిదే. విద్యుత్తు ప్రవహింపనంతవరకు అది మంచి అతుకువలె నటించును. కనుక పంకాయో దీపమో స్విచ్చి వేసియుంచి కొలిచిన కొలతయే కొలత. స్విచ్చి వేయక కొలిచి, అన్నియు బాగుగనే ఉన్నవని చెప్పి, కొత్త బ్యాటరీ కొనిపించు మరమ్మతుదారులు లేకపోలేదు.

ఆ రాత్రి పోయిన 5 వోల్టులును మైనస్సు తీగలో ఉన్నవి. అది బండి అడుగున ఇనుప చట్రమునకు మరతో బిగించియుండును. వానబురద చేరి, చుట్టును తుప్పు పట్టి, మర వదులైనది. విప్పి, ఉప్పుకాగితముతో మెరయునట్లు రుద్ది, మరల బిగించిన పిదప దీపములు వెలిగినవి. ఇరువది నిమిషములు పట్టినది. ప్లస్సు తీగను అందరును అనుమానింతురు. మైనస్సును ఎవరును తలపరు. మా ఎరుకలో ఇట్టి బండ్ల జబ్బులలో పెద్దభాగము అచటనే ఉండును.

అన్ని రాత్రులును తుప్పు దోషమే కాదు. కొన్నిమార్లు బ్యాటరీ నిజముగనే ఖాళీయగును. సీసపు బ్యాటరీ విశ్రాంతిలో ఉన్నపుడు 12.7 వోల్టులు చూపినచో నిండుగ ఉన్నట్లు, 12.2 అయినచో సగము, 12కు దిగువకు పోయినచో ఇక దానిని వాడరాదు. సగమునకు మించి వాడుకొన్నకొలది దాని ఆయువు తరుగును. 100 ఆంపియర్-గంటల బ్యాటరీ ఇంటనున్నచో మనకు దక్కునది 50 అని లెక్కవేసికొనవలెను. ఒక వేసవి రాత్రి ఖర్చు చూడుడు. ఫ్రిజ్జు సగటున 3 ఆంపియర్ల వంతున పదిగంటలకు 30. ఒక్కొక్కటి 2 ఆంపియర్లు త్రాగు పంకాలు రెండు, ఎనిమిదిగంటలకు 32. దీపములకు 6. మొత్తము 68. తెల్లవారకముందే ఇల్లు చీకటియగుటలో ఆశ్చర్యమేమున్నది? ఇందులో దోషము యంత్రమునది కాదు, పద్దు వ్రాయని యజమానిది. ఇన్వర్టరుతో శీతలయంత్రము నడపబూనినచో చెప్పనే అక్కరలేదు. 1200 వాట్ల యంత్రము 12 వోల్టుల బ్యాటరీనుండి 100 ఆంపియర్లకు పైగా లాగును. అరగంటయైనను నిలువదు.

లిథియం బ్యాటరీ సంగతి వేరు. అది తుదివరకు దాదాపు ఒకే వోల్టు చూపుచు, ఒక్కసారిగ ఆరిపోవును. చెడిపోయినదని భ్రమ కలుగును. లోపలి కాపలాదారు యంత్రమే దానిని కత్తిరించియుండును. చార్జరు తగిలించినచో చాలమార్లు మేల్కొనును. రాజమహేంద్రవరము ప్రాంతపు మే నెల ఎండలో మూసిన పెట్టెయందు వేడెక్కినను ఆ కాపలాదారు దానిని ఆపివేయును. అప్పుడు నీడయు గాలియుమాత్రమే ఔషధము.

పగలంతయు బండి నడచినను ఇంటి బ్యాటరీ నిండనిచో, ఇంజను నడచుచుండగా దానిని కొలువవలెను. 13.5కు పైబడినచో ఆల్టర్నేటరునుండి నీరు వచ్చుచున్నట్లే. కదలక 12వద్ద నిలిచినచో రెండు బ్యాటరీలను కలుపు రిలేయో, దాని ఫ్యూజో పోయినది. కొత్త ఇంజనుల ఆల్టర్నేటరులు కొన్ని తమ ఇష్టానుసారము వోల్టు తగ్గించుకొనును. అట్టి బండ్లకు వేరొక చార్జరు నడుమ ఉండవలెను.

ఇక బయటి తీగ. మోటారు షెడ్డులో ఒక ఫేజుకు, న్యూట్రలుకు నడుమ 230 వోల్టులు. రెండు ఫేజుల నడుమ 415. చీకటిలో తీగలు తారుమారైనచో బండిలోని చార్జరు, ఫ్రిజ్జు క్షణములో కాలిపోవును. కాలిపోయిన వస్తువుకు డబ్బు నష్టమే. ప్రాణనష్టము వేరొకచోట పొంచియున్నది. కారవాను రేకుతో చేసిన ఇల్లు. నిలిచినది రబ్బరు చక్రములపై. లోపల ఎచటనైన తీగ ఒరసి రేకును తాకినచో, ఎర్తు తీగ లేనపుడు, ఆ విద్యుత్తునకు భూమిలోనికి దారి లేదు. బండి మొత్తము విద్యుత్తుతో నిండియుండును. లోపల ఉన్నవారికి ఏమియు తెలియదు. తడినేలపై ఉత్తకాళ్లతో నిలిచి తలుపు పిడి పట్టుకొన్న పిల్లవానిలోనుండి అది దారి చేసికొనును. కనుక మూడవ పిన్నుకు నిజమైన ఎర్తు ఉన్న చోటనే, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ద్వారముగనే విద్యుత్తు తీసికొనవలెను. దానిపైనున్న పరీక్ష బొత్తాము నొక్కినపుడు అది పడవలెను. తనంతట మాటిమాటికి పడుచున్నచో విసుగుకొని తొలగింపరాదు; అది ఏదో చెప్పుచున్నది. కరెంటు స్తంభమునకు కొక్కెము తగిలించుట నేరమగుట అటుండనిండు, అచట ఎర్తూ లేదు, కాపలాదారూ లేడు.

తీగ దొరకనిచోట జనరేటరు. 2024 డిసెంబరులో కేరళమునందు వడకరవద్ద దారిప్రక్కన నిలిపిన కారవానులో నిద్రించిన ఇద్దరు మరి లేవలేదు. జనరేటరు వదలిన కార్బన్ మోనాక్సైడు లోపలికి చేరి వారి ప్రాణములు తీసినదని నిపుణుల పరిశీలనలో తేలినది. దానికి రంగు లేదు, వాసన లేదు. జనరేటరు నడచుచుండగా తలుపులు బిగించుకొని పడుకొనుటకంటె, ఆ రాత్రి కిటికీలు తెరచి విసనకఱ్ఱ పట్టుకొనుట మేలు. లోపల కార్బన్ మోనాక్సైడును పసిగట్టి మ్రోగు చిన్న పరికరము ఇప్పుడు దొరకుచున్నది. అద్దెబండి ఎక్కునపుడు అది ఉన్నదా అని అడుగుడు.

చివరిగా చేతిపని. దారికి బయలుదేరునపుడు మల్టీమీటరు, అది లేనిచో రెండు తీగలు అతికిన 12 వోల్టుల బల్బు, ఉప్పుకాగితము, స్పానరు, ఫ్యూజులు వెంట ఉంచుకొనవలెను. ఎర్రఫ్యూజు 10 ఆంపియర్లది, నీలము 15, పసుపు 20, పచ్చ 30. పోయిన రంగుకు అదే రంగు వేయవలెను. ఎర్రది మరల మరల పోవుచున్నదని పచ్చది వేసినచో, ఫ్యూజునకు బదులు తీగ కాలును. బ్యాటరీ కొనలపై తెల్లగనో ఆకుపచ్చగనో పొడి చేరినచో, విప్పి, వంటసోడా కలిపిన వేడినీటితో తుడిచి, ఆరనిచ్చి, బిగించిన పిదప వ్యాసలైను పూయవలెను. విప్పునపుడు ముందు మైనస్సు, పిదప ప్లస్సు. మైనస్సు ఉండగనే ప్లస్సువద్ద స్పానరు త్రిప్పుచు పొరపాటున చట్రమును తాకించినచో నిప్పురవ్వ లేచును. సీసపు బ్యాటరీ వదలు వాయువు మండునదే. బిగించునపుడు క్రమము తలక్రిందులు: ముందు ప్లస్సు, మైనస్సు చివర. ఆపైన అన్ని స్విచ్చులును ఒక్కసారిగ వేయక, ముందొక దీపము, పిదప పంకా, ఆ తరువాత ఫ్రిజ్జు.