చిన్న తరగతుల ఇంగ్లీషు: మన స్కూలు చేయగలిగిన పని

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరుగా నా అనుభవాలు చెప్పమని కార్యవర్గం వారు అడిగారు. వంతెనల గురించి వినడానికి ఇంత ఎండలో మీరెవరూ రాలేదని నాకు తెలుసు. స్వర్ణోత్సవ నిధిలో పెద్ద భాగం ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లల ఇంగ్లీషు కోసం ఖర్చు చేయాలని పోయిన సమావేశంలో అనుకున్నాం. కంప్యూటర్లు, హెడ్‌ఫోన్లతో ఇంగ్లీషు ల్యాబ్ కట్టాలన్న ప్రతిపాదన ఇప్పుడు మన ముందుంది. నాది వేరే అభిప్రాయం. నాకిచ్చిన పదిహేను నిమిషాలు దానికే వాడుకుంటాను.

ఆరు నెలలుగా శనివారాలు మన స్కూల్లో మూడు, నాలుగు తరగతుల పిల్లల దగ్గర కూర్చుంటున్నాను. పాఠం చెప్పడానికి కాదు, వాళ్లు చదువుతుంటే వినడానికి. 'ది క్యాట్ ఈజ్ అండర్ ది టేబుల్' అని గొంతెత్తి, తప్పు లేకుండా చదువుతారు. పిల్లి ఎక్కడుంది అని అడిగితే చాలామంది నా మొహం చూస్తారు. ఇది మన ఒక్క స్కూలు సంగతి కాదు. దేశమంతా గ్రామీణ ప్రాంతాల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే 2016లో చూస్తే, ఐదో తరగతి పిల్లల్లో నలుగురిలో ఒక్కరు మాత్రమే ఇంగ్లీషులో తేలిక వాక్యాలు చదవగలిగారు. చదివిన ఆ కొద్దిమందిలోనూ అందరికీ అర్థం తెలియలేదు.

ఎందుకిలా? తెలుగు పిల్లలకు అక్షరమంటే శబ్దమే. క అంటే క. దీర్ఘమిస్తే కా. గుణింతాలు, ఒత్తులు వచ్చాయంటే ఇక ఏ మాటైనా పలకగలరు. ఇంగ్లీషు అలా కాదు. అక్కడ అక్షరం పేరు ఒకటి, అది చేసే శబ్దం ఇంకొకటి. 'సీ, ఏ, టీ' అని చదివించి, వెంటనే 'క్యాట్' అనమంటాం. ఆ సీ ఎటు పోయింది, క ఎక్కణ్ణుంచి వచ్చింది? మూడో తరగతి పాప ఒకతె నన్ను అడిగేసింది కూడా: "సీకి రెండు పేర్లా సార్?" అని. ఇరవై ఆరు అక్షరాలతో సుమారు 44 శబ్దాలు పలికించుకునే భాష అది. కాబట్టి పేర్ల కంటే ముందు శబ్దాలు నేర్పాలి. గుణింతం నేర్పిన టీచరుకు ఇది కొత్త విద్య కాదు. శబ్దాలు కలిపి మాట కట్టడం వాళ్లకు తెలిసిన పనే.

వాక్యం దగ్గర ఇంకో చిక్కు. మనకు 'మీద', 'కింద', 'లో' మాట తర్వాత వస్తాయి. ఇంగ్లీషులో ముందుకు దూకుతాయి. మనకు 'మేము', 'మనము' వేరు. వాళ్లకు రెండిటికీ 'వుయ్' ఒక్కటే. నాలుగో తరగతి పిల్ల ఒకతె తనకు ఇద్దరు తమ్ముళ్లున్నారని చెప్పడానికి 'టు మీ టూ బ్రదర్స్ ఆర్' అంది. నవ్వకండి. ఆ పిల్ల బట్టీ పట్టకుండా తనంతట తాను వాక్యం కట్టింది. 'మనం నాకు ఉన్నారు అంటాం, వాళ్లు నేను కలిగి ఉన్నాను అన్నట్టు చెబుతారమ్మా' అని తెలుగులో ఒక్క మాట చెబితే తేలిపోతుంది. క్లాసులో తెలుగు మాట వినబడితే జరిమానా వేసే బళ్లు ఈ ఊళ్లోనే ఉన్నాయి. అక్కడ ఆ ఒక్క మాటా చెప్పేవారుండరు.

ఇక్కడ మాధ్యమం గొడవ వస్తుంది. తప్పించుకోను. 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం సర్కారు బళ్లన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మారుస్తూ ఉత్తర్వులిచ్చింది. ముందు ఎనిమిదో తరగతి దాకా అన్నారు, తర్వాత ఆరు దాకా అన్నారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. సంగతి సుప్రీంకోర్టుకు వెళ్లింది. సాధ్యమైనంత వరకు మాతృభాషలో చెప్పాలని 2009 విద్యాహక్కు చట్టంలో ఉంది. కానీ తల్లిదండ్రులను అడిగితే నూటికి తొంభైమందికి పైగా ఇంగ్లీషే కావాలన్నారు. మన స్కూలు గేటు దగ్గర ఒక తల్లి నాతో, "తెలుగులో చదివి మేం ఏం బాగుపడ్డాం సార్?" అంది. ఆమెకు జవాబు చెప్పే అర్హత, పిల్లలను అమెరికా పంపుకున్న మాలాంటి వాళ్లకు తక్కువ. ఆమె అడుగుతున్నది న్యాయం. ఇంగ్లీషు నేర్పమని అడుగుతోంది. మనం మాత్రం దాన్ని లెక్కలూ సైన్సూ ఇంగ్లీషులో చెప్పడంగా అర్థం చేసుకుంటున్నాం. ఆ రెండూ ఒకటి కావు. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి కదా, నాకు అవి నచ్చాయి. పిల్లలు కళ్లు అటూ ఇటూ తిప్పి తామే పోల్చుకుంటారు.

మైకేల్ వెస్ట్ అని ఒక ఇంగ్లీషాయన ఢాకాలో పనిచేసేవాడు. 1926లో బెంగాల్ పిల్లల ఇంగ్లీషు చదువు మీద పుస్తకం రాశాడు. అందులో ఎల్ఐసీ పాలసీ ఉన్నవాళ్లందరికీ తెలిసిన మాట ఒకటి వాడాడు: సరెండర్ వాల్యూ. పాలసీ మధ్యలో మానేస్తే చేతికి ఎంతొస్తుంది? అలాగే పిల్లవాడు చదువు మధ్యలో మానేస్తే అప్పటిదాకా నేర్చిన ఇంగ్లీషు వల్ల వాడికి దక్కేదెంత? చాలామందికి సున్నా అని ఆయన బాధ. చదవడం బాగా వస్తే ఎక్కడ ఆపినా కొంత మిగులుతుందని చదవడానికే పెద్దపీట వేశాడు. రాణిగారితోట, కృష్ణలంక నుంచి మనకొచ్చే పిల్లలందరూ డిగ్రీ దాకా వెళ్తారని ఆశపడదాం. కానీ ఐదో తరగతి దాటేసరికే వాళ్ల చేతిలో ఏదో ఒకటి మిగిలేలా చూడాలి.

ఇంకొక పేరు చెప్పాలి, ఈయన మన దక్షిణాది ఆయన. ఎన్. ఎస్. ప్రభు. 1979 నుంచి 1984 దాకా కర్ణాటక, తమిళనాడు బళ్లలో ఒక ప్రయోగం చేశారు. వ్యాకరణం చెప్పలేదు. పిల్లలకు ఒక పటమో, రైలు వేళల పట్టికో ఇచ్చి చిక్కుప్రశ్న పెట్టేవారు. ముందు టీచరు అలాంటిదే ఒకటి బోర్డు మీద అందరితో కలిసి చేస్తారు. తర్వాత పిల్లలు సొంతంగా చేస్తారు. ధ్యాసంతా లెక్క తేల్చడం మీద ఉంటుంది, భాష వెనకనుంచి వచ్చి చేరుతుంది. ఇది చదివాక నాకు ఉండబట్టలేదు. మన బెంజ్ సర్కిల్ బొమ్మ బోర్డు మీద గీశాను. ఒకవైపు బస్టాండు, ఎదురుగా బందరు, మూడోవైపు రామవరప్పాడు రింగు, నాలుగోవైపు వారధి. 'బందరు నుంచి వచ్చిన లారీ గుంటూరు వెళ్లాలి, ఎటు తిరగాలి?' అని ఇంగ్లీషులో అడిగాను. క్లాసంతా 'లెఫ్ట్, లెఫ్ట్' అని అరిచింది. ఒకడు లేచి 'నో సార్, రైట్' అన్నాడు. వాణ్ణి బోర్డు దగ్గరకు పిలిచి నువ్వే లారీవి అన్నాం. బందరు రోడ్డు మీదుగా నడిచొచ్చి, సర్కిల్లో ఆగి, ఎడంచెయ్యి చూసుకుని 'సారీ, లెఫ్ట్' అన్నాడు. ఆ గంటలో 'టర్న్', 'గో స్ట్రెయిట్', 'స్టాప్', 'బిఫోర్', 'ఆఫ్టర్' ఎన్నిసార్లు వినబడ్డాయో. ఆ మూడో తరగతి పిల్లలు ఇప్పుడు రోజూ ఆటో ఎక్కి డ్రైవరుకు ఇంగ్లీషులో దారి చెబుతున్నారని వాళ్ల టీచరుగారి ఫిర్యాదు.

మన సంఘంలో సగంమంది మనవలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నారు. వాళ్లకు తెలుగు ఎలా వస్తోందో గమనించారా? సిలికానాంధ్ర 2007లో మనబడి మొదలుపెట్టింది. వారానికొకసారి తరగతి. అదే పాఠం చెప్పించుకున్నా, ఇంట్లో అమ్మమ్మ రోజూ కథ చెప్పే పిల్లలు మాట్లాడతారు, మిగతావాళ్లు అఆలు రాసి ఊరుకుంటారు. మన పిల్లలకు ఇంగ్లీషు అమ్మమ్మ లేదు. ఉన్నది టీచరు, పుస్తకం, కాస్త తీరికున్న మనం.

అందుకని ల్యాబ్ వద్దంటున్నాను. మూడేళ్లకు హెడ్‌ఫోన్లు పాడవుతాయి, గదికి తాళం పడుతుంది. ఎన్ని బళ్లలో చూడలేదు! ఆ డబ్బులో కొంతతో కథల పుస్తకాలు కొందాం. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015 నుంచి స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు మెట్లవారీగా ఉచితంగా ఇస్తున్నారు, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. మనమే ప్రింటు తీసి కుట్టించుకోవచ్చు. ఒకే కథ రెండు భాషల్లో ప్రతి పిల్ల చేతికీ ఇంటికి వెళ్లాలి. చిరిగితే చిరగనీ. ఎక్కువ డబ్బు మాత్రం టీచర్ల మీద పెట్టాలి. ఐదు తరగతుల టీచర్లూ శబ్దాలతో చదవడం నేర్పే పద్ధతిలో మంచి శిక్షణ తీసుకోవాలి. హైదరాబాదులో 1958 నుంచి ఇంగ్లీషు బోధన మీదే పనిచేస్తున్న సంస్థ ఉంది, ఇప్పటి ఇఫ్లూ. అక్కడివారిని సలహా అడుగుదాం. ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను: రెండో తరగతి అయ్యేలోపు తెలుగు ధారాళంగా చదవడం రావాలి. ఒక భాషలో చదవడం పట్టుబడిన పిల్లకు రెండోది సులువు. ఏదీ రాని పిల్లకు రెండూ బరువే.

యాస గురించి బెంగపడేవాళ్లు ఉన్నారు. 2022లో కాకినాడ జిల్లా బెండపూడి సర్కారు బడి పిల్లల ఇంగ్లీషు వీడియోలు మీరంతా చూసే ఉంటారు. వాళ్ల అమెరికా యాసను మెచ్చుకున్నారు చాలామంది. నాకు మాత్రం జంకు లేకుండా నోరు విప్పడం నచ్చింది. మనం 'బస్సు', 'పెన్ను' అంటూనే ముప్పై ఏళ్లు ఉద్యోగాలు చేశాం కదా!

శనివారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా పిల్లలు చదువుతుంటే వినడానికి మనుషులు కావాలి. ఇంగ్లీషు బాగా రానక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. హెడ్‌మాస్టరుగారి గదిలో రిజిస్టరు పెట్టారు. ఇందాక చూశాను, అందులో నాలుగు పేర్లున్నాయి, ఒకటి నాది. భోజనాలకు వెళ్లే దారిలోనే ఆ గది ఉంది.